అధికారికి రాసిన ఉత్తరం

క్రీ.శ. 412 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో అనే రేవు పట్టణం నుంచి అక్కడి బిషప్పు అగస్టీన్, కార్తేజ్‌లో ఉన్న మార్సెల్లినస్ అనే రోమన్ అధికారికి ఒక ఉత్తరం రాశాడు. అగస్టీన్ సంఘానికి చెందిన రెస్టిట్యూటస్ అనే గురువును కొందరు దారికాచి చంపేశారు. ఇన్నొసెంటియస్ అనే మరో గురువు కన్ను పీకి, వేలు నరికేశారు. చేసినవాళ్లు డోనటిస్టులు. వాళ్లూ క్రైస్తవులే, కాకపోతే తామే అసలైన సంఘమని వేరుపడినవాళ్లు. దొరికిపోయారు, నేరం ఒప్పుకున్నారు. ఇక తల తీయడానికి ఆనాటి రోమన్ చట్టంలో ఏ అడ్డూ లేదు.

ఆ పరిస్థితిలో అగస్టీన్ అడిగిందేమిటంటే, వీళ్లను శిక్షించండి గానీ చంపవద్దు. వాళ్లు మావాళ్ల అవయవాలు తీశారని వాళ్ల అవయవాలు తీయవద్దు. మళ్లీ ఎవరి మీదా చెయ్యెత్తే వీల్లేకుండా కట్టడి చేయండి, ఏదైనా పనికొచ్చే శ్రమలో పెట్టండి. దాన్నీ శిక్ష అనే అంటారు, కానీ అందులో ఆ మనిషికి మేలు కూడా ఉంది. ఉత్తరం సారం ఇంతే. మార్సెల్లినస్ సోదరుడు, ఆఫ్రికా రాష్ట్రానికి గవర్నరు అయిన అప్రింగియస్‌కు కూడా ఇదే విన్నపంతో ఇంకో ఉత్తరం వెళ్లింది. ఆ తర్వాత మార్సెల్లినస్‌కు మళ్లీ రాశాడు.

అగస్టీన్ మెత్తనివాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. రాజ్యానికి ప్రాణం తీసే అధికారం ఉందని ఆయన తన రచనల్లోనే ఒప్పుకున్నాడు. డోనటిస్టులను ప్రభుత్వ బలంతో దారికి తేవడాన్ని సమర్థించాడు కూడా. ఆ సమర్థన తర్వాతి శతాబ్దాల్లో చాలామంది ఒంటి మీద వాతలుగా తేలింది. దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ ఈ ఒక్క ఉత్తరం దగ్గర ఆగి ఆలోచించాలనిపిస్తుంది. నేరం రుజువైంది. చచ్చింది తనవాడు. నరికించాలంటే తను నోరు మెదపకుండా ఉంటే చాలు. అయినా కలం పట్టుకున్నాడు.

అంతకంటే ముఖ్యంగా, ఆ ఉత్తరం ఎవరికి రాశాడో చూడాలి. రెస్టిట్యూటస్ ఇంటివాళ్లకు ‘మీరు క్షమించండి’ అని రాయలేదు. కన్ను పోయిన ఇన్నొసెంటియస్‌కు ‘మనసులో పగ పెట్టుకోకు’ అని రాయలేదు. ఎవరి చేతిలో కత్తి ఉందో వాళ్లకు రాశాడు. మరణశిక్ష గురించి మన చర్చిల్లో మాట వచ్చినప్పుడల్లా తలకిందులయ్యేది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది. మనం క్షమాపణను దెబ్బ తిన్నవాడికి బోధిస్తాం. అధికారి దగ్గరకు వచ్చేసరికి నోరు కట్టేసుకుంటాం.

మా చర్చిలో శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఆంధ్రాలో చాలా సంఘాల్లో ఇది ఆనవాయితీ. మొదటి మాట, తనను సిలువ వేస్తున్నవాళ్ల కోసం ఆయన చేసిన క్షమాపణ ప్రార్థన. అది చెప్పేవారు ఎవరైనా సరే, ముగించేటప్పుడు బెంచీల వైపు తిరిగి ‘మీరు మీ శత్రువులను క్షమించారా?’ అని అడక్కుండా ఉండరు. అడగవచ్చు. అది ఎవరి మనస్సాక్షి వాళ్లు తేల్చుకోవలసిన ప్రశ్న. కానీ అక్కడ ప్రభువు క్షమించింది తన ఒంటికి తగిలిన మేకులకు. సిలువ దగ్గర ఆయన తల్లి మరియ కూడా నిలబడి ఉంది. కళ్ల ముందే కొడుకును చంపుతుంటే చూస్తున్న తల్లి ఆమె. ఆమె వైపు చూసి ‘అమ్మా, నువ్వూ వీళ్లను క్షమించు’ అని ఆయన అనలేదు. మూడో మాటలో ఆమెను శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆమెకు ఒక ఇల్లు, చూసుకునే ఒక మనిషి ఏర్పాటు చేశాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి సువార్తలో దొరికింది ఉపదేశం కాదు, ఆసరా.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా ప్రాంతంలో క్షమించమనే బోధ ఎక్కువగా ఎవరి చెవిన పడిందో గుర్తుంది కాబట్టి. 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత. 1991 ఆగస్టులో చుండూరు. చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ వైపు దళితవాడల్లో చర్చి లేని వాడ అరుదు. ఆ కేసులో తీర్పు రావడానికి పదహారేళ్లు పట్టింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అక్కడి విధవరాళ్ల ముందు నిలబడి దయ గురించి మాట్లాడాలంటే, ముందు న్యాయం గురించి మాట్లాడే అర్హత సంపాదించుకోవాలి. మరణశిక్ష వద్దనే నాలాంటివాళ్లను చాలామంది అడిగే ప్రశ్న ‘బాధితుల సంగతేమిటి?’ అని. నిజాయితీగల ప్రశ్న అది. అయితే చుండూరులో బాధితులకు జరిగిన అన్యాయం ఉరి పడకపోవడం కాదు. హైకోర్టులో ఏ శిక్షా నిలవకపోవడం.

బాధితులు క్షమించడానికీ చట్టం శిక్షించడానికీ ఉన్న ఈ తేడాను గ్లాడిస్ స్టెయిన్స్ ఎంత స్పష్టంగా పట్టుకుందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామంలో, రాత్రి జీపులో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని ఒక గుంపు తగలబెట్టింది. ఆమె హంతకులను క్షమించానని ప్రకటించింది, భర్త సేవ చేసిన బరిపద కుష్ఠురోగుల ఆశ్రమం పనిలో కొనసాగింది. అదే సమయంలో, తన క్షమాపణ వేరు, చట్టం చేయవలసిన పని వేరు అని కూడా చెప్పింది. కోర్టులు తమ పని తాము చేశాయి. 2003లో ముఖ్య నిందితుడికి పడిన ఉరిని 2005లో ఒరిస్సా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమించింది కాబట్టి శిక్ష తగ్గిందని కాదు. ఆమె క్షమించకపోయినా అతన్ని ఉరి తీయకపోవడమే సరైనదని నా నమ్మకం. ఒక హంతకుడి ప్రాణం అతని చేతిలో భర్తనూ పిల్లలనూ పోగొట్టుకున్న మనిషి మనసు పెద్దదా చిన్నదా అన్నదాని మీద వేలాడకూడదు. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టడం ఇంకో క్రూరత్వం.

మరి లేఖనాల మాటేమిటి? ఉరిని సమర్థించే సోదరులు బైబిలు తెరిచి చూపించే చోట్లు నాకు బాగా తెలుసు. జలప్రళయం తర్వాత నోవహుకు ఇచ్చిన ఆజ్ఞలో, నరుని రక్తం చిందించినవాడి రక్తం నరుని చేతనే చిందుతుందని ఉంది. నరుడు దేవుని పోలికలో చేయబడ్డాడు కాబట్టి అని కారణం కూడా అక్కడే ఉంది. రోమా పత్రిక పదమూడో అధ్యాయంలో పౌలు, అధికారి ఊరకనే కత్తి ధరించడు అంటాడు. సిలువ మీది దొంగ తన శిక్ష న్యాయమైనదేనని ఒప్పుకుంటాడు. ఇవి తేలిగ్గా దాటేసే చోట్లు కావు. దాటేసేవాళ్ల మీద నాకు గౌరవం లేదు.

కానీ నోవహు కంటే ముందు ఆదికాండములో కయీను ఉన్నాడు. మొదటి హత్య, తోడబుట్టినవాణ్ణి. నేల మీంచి హేబెలు రక్తం మొరపెట్టింది. దేవుడు విన్నాడు, కయీనును శపించాడు, దేశదిమ్మరిని చేశాడు. ఆపైన అతన్ని ఎవరూ చంపకుండా అతని మీద ఒక గుర్తు వేశాడు. మొదటి నేరానికి మొదటి న్యాయమూర్తి ఇచ్చిన తీర్పులో శిక్ష ఉంది, ప్రాణరక్షణ కూడా ఉంది. దేవుని పోలిక అనే మాట హతుడికి వర్తించినట్టే హంతకుడికీ వర్తిస్తుందని నేను ఇక్కడే నేర్చుకున్నాను.

పౌలు కత్తి మాట రాసింది రోములోని విశ్వాసులకు. నీరో కాలంలో అదే రోములో ఆయన తల తెగిందని సంఘ సంప్రదాయం. అధికారులు దేవుని సేవకులు అన్నవాణ్ణే ఆ అధికారం చంపింది. సిలువ దొంగ విషయానికి వస్తే, అతని ఒప్పుకోలు సంగతి అందరూ చెబుతారు. శిక్ష సరైనదేనా అన్న చర్చలోకి ప్రభువు దిగనే లేదన్నది చెప్పరు. కొన్ని గడియల్లో చచ్చిపోయే మనిషికి ఆయన ఇచ్చింది రేపటి గురించిన మాట. చావు అంచున ఉన్న నేరస్థుడిలో కూడా ఆయనకు ఇంకా ముగియని మనిషే కనిపించాడు. రాళ్లతో కొట్టడానికి లాక్కొచ్చిన స్త్రీ కథ మనవాళ్లందరికీ కంఠోపాఠమే కాబట్టి మళ్లీ చెప్పను. అక్కడ ఆయన ధర్మశాస్త్రాన్ని కాదనలేదు, రాయి విసిరే చేతిని పరీక్షించాడు. ఆ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

చేతిలో అధికారం లేనంతకాలం సంఘం రక్తానికి దూరంగానే ఉంది. సింహాసనం పక్కన చోటు దొరికాక మాట మారింది. పదమూడో శతాబ్దం తొలి ఏళ్లలో పోపు మూడో ఇన్నొసెంట్, వేరుపడి తిరిగి సంఘంలో చేరదలచిన వాల్డెన్సియన్లు అనే శాఖవాళ్లతో, రాజ్యం మరణశిక్ష అమలు చేయడం మరణకరమైన పాపం కాదని ఒప్పుకోలు చేయించాడు. పోపుల ఏలుబడిలో ఉన్న రాజ్యంలో బుగాట్టి అనే తలారి 1796 నుంచి 1864 దాకా అయిదొందల మందికి పైగా ప్రాణాలు తీశాడు. సంస్కరణ తెచ్చినవాళ్లూ తక్కువ తినలేదు. 1527లో జ్యూరిక్‌లో, పెద్దలకు బాప్తిస్మం ఇస్తున్నాడని ఫెలిక్స్ మాంజ్‌ను చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. మాంజ్ లాంటివాళ్లను అనాబాప్టిస్టులు అన్నారు, వాళ్ల వారసులే మెన్నోనైట్లు. మన పాలమూరు జిల్లాలో బడులు, ఆసుపత్రులు కట్టింది వాళ్ల మిషనరీలే. చంపబడినవాళ్ల వారసులు వైద్యం మోసుకుని జడ్చర్ల దాకా వచ్చారని తలుచుకున్నప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది. ఇక రోమన్ కాథలిక్ సంఘం 2018లో, పోపు ఫ్రాన్సిస్ ఆధ్వర్యంలో, మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ అంగీకారం కాదని తన సత్యోపదేశ గ్రంథంలో మార్చి రాసుకుంది. ఎన్ని శతాబ్దాలు ఆలస్యమైనా నాకు అది ఆనందమే.

మళ్లీ మార్సెల్లినస్ దగ్గరకు వస్తాను. అగస్టీన్ ఉత్తరం అందుకున్న ఏడాదికి, 413లో, ఆఫ్రికా సైన్యాధికారి హెరాక్లియన్ చక్రవర్తి మీద తిరగబడి ఓడిపోయాడు. తిరుగుబాటుదారులను ఏరివేయడానికి మారినస్ అనే సేనాని కార్తేజ్ వచ్చాడు. మార్సెల్లినస్‌ను, అతని సోదరుడు అప్రింగియస్‌ను తిరుగుబాటులో భాగస్థులన్న ఆరోపణ మీద పట్టుకుని జైల్లో వేశాడు. ఇద్దరినీ విడిపించడానికి అగస్టీన్ చేయని ప్రయత్నం లేదు. జైలుకు వెళ్లి కలిశాడు. చక్రవర్తికి విన్నవించుకోవడానికి ఒక బిషప్పును ఇటలీకి పంపారు. ఆయన తిరిగొచ్చేదాకా ఏమీ జరగదన్న భరోసా కూడా దొరికిందనుకున్నారు. సెప్టెంబరు 13న, హఠాత్తుగా, అన్నదమ్ములిద్దరి తలలూ తీశారు. మర్నాడు సిప్రియన్ పండుగ. ఆ కార్తేజ్ బిషప్పు తల కూడా రోమన్ అధికారుల ఆజ్ఞతోనే 258లో తెగింది. మరుసటి ఏడాది, 414లో, చక్రవర్తి హొనోరియస్ ఒక శాసనంలో మార్సెల్లినస్‌ను గౌరవంగా స్మరించి, ఆయన చేసిన పనులన్నీ చెల్లుతాయని ప్రకటించాడు. పరువు తిరిగొచ్చింది. అంతవరకే తిరిగి ఇవ్వగలిగారు.

అగస్టీన్ తన మహాగ్రంథం ‘దేవుని నగరం’ మొదలుపెట్టింది ఈ మార్సెల్లినస్ అడిగిన ప్రశ్నల వల్లే, అంకితం ఇచ్చిందీ ఆయనకే. అందులో పందొమ్మిదో సంపుటంలో న్యాయమూర్తి దుస్థితి గురించిన భాగం ఒకటి ఉంది. ఎదుటివాడి మనస్సాక్షిలోకి తొంగిచూడలేని మనిషి తీర్పు చెప్పక తప్పని బాధ అది. స్నేహితుడి తల తెగాక చాలా ఏళ్లకు రాసిన భాగం. చదివేటప్పుడు నాకు కార్తేజ్ గుర్తుకు రాక మానదు.

మన దగ్గర? 2019 డిసెంబరు 6న, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆమెకు జరిగింది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, జనం కోపంలో నాకూ పాలు ఉంది. కానీ విచారణే జరగలేదు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని 2022లో తేల్చింది. వాళ్లే దోషులా, ఎవరి పాత్ర ఎంత అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. ఆమె తరఫున సత్యం రికార్డుకెక్కే దారి కూడా ఆ తుపాకులతోనే మూసుకుపోయింది. ఆ కాల్పులు జరిగిన నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. గట్టి సాక్ష్యం ఉన్న అత్యాచారం కేసుల్లో వారంలో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, దోషికి మరణశిక్ష. రాష్ట్రపతి ఆమోదం దొరక్క అది అమల్లోకి రాలేదు. వేగం కావాలి, నిజమే. చుండూరు పదహారేళ్ల ఆలస్యం కూడా హింసే. కానీ వేగాన్నీ ఉరినీ ఒకే తాడుకు కడితే, విన్నపం పట్టుకుని వెళ్లిన మనిషి తిరిగొచ్చేలోపే తల తెగిపడుతుంది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. పొరపాటు జరగవచ్చన్న వాదన బలమైనదే గానీ, అది చాలదు. పొరపాటుకు తావే లేని కేసులూ ఉంటాయి. రెస్టిట్యూటస్ హంతకులు నేరం ఒప్పుకున్నారు. అయినా అగస్టీన్ రాశాడు. మన దగ్గర అలాంటి పరీక్ష చిలకలూరిపేట. 1993 మార్చి 8న, డబ్బు దోచుకోవాలని ఇద్దరు దళిత యువకులు బస్సులో పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. చేసింది వాళ్లేనన్నది మూడు కోర్టుల దగ్గరా నిలిచింది. ఉరికి తేదీ ఖరారయ్యాక ఆగింది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు, క్రైస్తవులు, ఎందరో రాసిన విన్నపాల తర్వాత, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఒక వాడ మొత్తం మీద పడి నరికినవాళ్లకు పడని ఉరి, ఈ ఇద్దరు పేదవాళ్లకు ఎందుకు పడిందన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వినిపించింది. సరైన ప్రశ్నే. కానీ ఆ ఇద్దరూ పేదవాళ్లు కాకపోయినా నేను అదే కోరుకుంటాను.

ఎందుకంటే మారుమనస్సుకు గడువు పెట్టే పని మనుషులకు అప్పగించబడలేదని నమ్ముతాను. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, ఉరి వేసే ముందు ఈ మనిషి మారే అవకాశం ఉందా అని చూడాలంది. అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకే ఉరి అన్న సూత్రం అక్కడిదే. ఒక న్యాయమూర్తి ఒక రోజున ఒక మనిషి వైపు చూసి, ‘ఇక వీడు ఎప్పటికీ మారడు’ అని ఎలా చెప్పగలడు? ఆ మాట చెప్పగలిగినవాడు ఒక్కడే అని మేం ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో పలుకుతాం. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన రావలసి ఉంది. ఆయన చేయవలసిన పని మనం ముందే కానిచ్చేస్తే, ఆ ప్రమాణాన్ని పెదవులతో మాత్రమే పలికినట్టవుతుంది.

‘బస్సులో నీ కూతురు కాలిపోయి ఉంటే?’ అని అడిగారు ఒకరు. నేను ఉరే కోరుకుంటానేమో. ఆ స్థితిలో నన్ను ఎవరూ తప్పుపట్టకూడదు, నాకు ఎవరూ వాక్యం చదివి వినిపించకూడదు. కానీ నా కోపాన్ని చట్టం చేయకూడదు. చంపవద్దని ఎవరైనా చెబితే జడ్జికి, శాసనసభ్యుడికి, రాష్ట్రపతికి చెప్పాలి. నా దగ్గరకు వచ్చేవాళ్లు మాత్రం బియ్యం పట్టుకుని రావాలి, కోర్టు వాయిదాకు తోడు రావాలి, సాక్ష్యం చెప్పే రోజున బెదిరించేవాళ్లకు ఎదురుగా నా పక్కన నిలబడాలి, పరిహారం కాగితాలు ఏ ఆఫీసులో ఆగాయో కనుక్కోవాలి. ఉరి వద్దని సంతకం పెట్టిన ప్రతి సంఘమూ ఆ 23 మంది ఇళ్లకు ఇంత బాకీ పడి ఉంది.